చక్రానికీ కొలతలుంటాయి!

రెడీమేడ్ జాకెట్ల షాపులో "సైజెంతండీ?" అని అడగ్గానే మనం టక్కున "ముప్ఫై ఆరు" అనేస్తాం. ఇంటికి తెచ్చి వేసుకుంటే ఛాతీ సరిపోతుంది, భుజం జారుతుంది, చంక దగ్గర బిగుసుకుంటుంది, చెయ్యి మోచేతి మీద దిగబడుతుంది. ముప్ఫై ఆరు అన్నది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క కొలతతో జాకెట్టు ఒంటికి కుదరదు. అందుకేగా మన టైలరు టేపు మెడలో వేసుకుని ఏడెనిమిది కొలతలు రాసుకునేది!

కారు చక్రం సంగతీ అంతేనని నలభై ఏళ్ళకి దగ్గరపడ్డాక నేర్చుకున్నాను. నేర్పింది ఏ ఇంజనీరో కాదు. మా ఇంటి పాత కారు, దాని వెనకాల మా అత్తయ్యగారు.

మా కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. ఈ పేరు వినగానే "అయ్యో, మా పెదనాన్నగారికి ఉండేదండీ!" అనేవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టిన కారిది. రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. 1961 నుంచి మన మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. నాలుగు తలుపుల హెరాల్డ్ కారు మన దేశపు ప్రత్యేకత. ముందు బానెట్టు, మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకి వాలిపోతుంది. పెద్ద భోషాణం మూత తీసినట్టు ఉంటుంది. ఇరుకు సందులో కూడా 25 అడుగుల వలయంలో గిరుక్కున తిరిగిపోతుంది. 1970ల మొదట్లో దీని స్థానంలో స్టాండర్డ్ గెజెల్ వచ్చింది. ఆ తర్వాత హెరాల్డ్‌లు ఒక్కొక్కటే షెడ్లలోకీ, తూకానికీ వెళ్ళిపోయాయి.

మా మామయ్యగారు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. 1978లో ఈ కారుని సెకండ్ హ్యాండులో కొన్నారు. కొన్న నాలుగేళ్ళకి అత్తయ్యగారికి డ్రైవింగు నేర్పారు. తెనాలిలో మా వీధిలో అప్పటికి కారు నడిపే ఆడవాళ్ళు లేరట. పరీక్షల రోజుల్లో వీధిలో ఆడపిల్లల్ని ఎక్కించుకుని సెంటర్లకి దింపింది అత్తయ్యే. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే తలుపు తట్టేది కూడా ఈ ఇంటినే. "మీ అత్తగారి కార్లో పుట్టాల్సిన దాన్ని, ఆస్పత్రి గేటు దగ్గర్లో ఉండబట్టి బతికిపోయింది సీటు కవరు" అని పక్కింటావిడ కూతురు ఇప్పటికీ నవ్విస్తుంది.

మామయ్యగారు 2021లో పోయారు. కారు మిగిలింది.

వణికింది స్టీరింగు కాదు, నా గుండె

రెండేళ్ళ కిందట సంక్రాంతి వెళ్ళిన వారంలో అత్తయ్యకి కంటి పరీక్ష ఉండి, గుంటూరు బయల్దేరాం. నేనే నడుపుతున్నాను. నందివెలుగు దాటాక స్టీరింగు సన్నగా వణకడం మొదలుపెట్టింది. రోడ్డు బాగోలేదనుకున్నాను. రోడ్డు బాగున్న చోట కూడా వణుకు తగ్గలేదు. అత్తయ్య వెంటనే, "అమ్మాయ్, పక్కకి తీసి ఆపు. ఇది రోడ్డు గొడవ కాదు" అన్నారు.

నెమ్మదిగా ఓ పంక్చరు షాపు దాకా తీసుకెళ్ళాం. ఆ కుర్రాడు ముందు ఎడమ చక్రం విప్పి, గుడ్డతో తుడిచి, వేలితో చూపించాడు. రిమ్ముకీ మధ్య డిస్కుకీ నడుమ వెల్డింగు గీత వెంట జానెడు పొడుగున పగులు! "ఇంకో పది కిలోమీటర్లు పోతే చక్రం రెండు ముక్కలయ్యేదమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. స్టెపినీ వేయించుకుని, ఆస్పత్రికి పోకుండానే వెనక్కి తిరిగాం.

వెల్డింగు ఎందుకుందని అడుగుతారా? 1997లో మామయ్యగారికి కారు ముస్తాబు చేద్దామని సరదా పుట్టింది. ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులు తీయించి, ఒక చిన్న కారు డిస్కు బ్రేకులు పెట్టించారు. అది మంచి పనే, బండి ఆగడం బాగుపడింది. దాంతోపాటు టైర్లు వెడల్పుగా ఉంటే అందమని, హెరాల్డ్ చక్రాల మధ్య డిస్కులు కోయించి, వాటి చుట్టూ వేరే కారు వెడల్పు రిమ్ములు వెల్డింగు చేయించారు. ఆ రోజుల్లో అది ఫ్యాషను. ఇరవయ్యారేళ్ళు ఆ అతుకు మీదే మా కుటుంబమంతా తిరిగింది. మిగతా మూడు చక్రాలు కూడా విప్పి చూస్తే, ఇంకో రెండింటికి సన్న బీటలు కనిపించాయి.

అంటే ఇప్పుడు మాకు నాలుగు చక్రాలు కావాలి. కారేమో ఆగిపోయి యాభై ఏళ్ళు. పైగా అందులో బ్రేకులు దాని సొంతవి కావు.

"మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా?"

ఆ ఆదివారం ఇంట్లో పంచాయితీ అయింది. అమెరికా నుంచి మరిదిగారు ఫోన్లో, "వదినా, దాన్ని తీసెయ్యండి, ప్రాణం కంటే ఎక్కువా?" అన్నారు. పాత ఇనుము కొట్టు ఆయన వచ్చి చూసి 18,000 ఇస్తానన్నాడు. మావారు ఎటూ తేల్చలేదు. అత్తయ్య మాత్రం ఒక్క మాటా అనలేదు. రాత్రి గిన్నెలు సర్దుతుంటే వచ్చి, "అమ్మేస్తే అమ్మేయండి. నేను అడ్డుపడను. కానీ బాగుపడదని తెలుసుకుని అమ్మడం వేరు, కనుక్కోకుండా అమ్మడం వేరు" అని వెళ్ళి పడుకున్నారు.

ఆ మాటకి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు పిల్లల్ని స్కూలుకి పంపి, బస్సెక్కి బెజవాడ ఆటోనగర్ వెళ్ళాను.

ఆటోనగర్ గురించి మీకు చెప్పక్కర్లేదు. లారీ బాడీలు కట్టే సుత్తి మోతలు, వెల్డింగు మెరుపులు, గ్రీజు వాసన. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నాలుగు షాపులు తిరిగాను. నాలుగింటిలోనూ మొదటి ప్రశ్న ఒకటే: "మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా?" రెండో ప్రశ్న: "సైజెంత?" నేను గర్వంగా "పదమూడు" అన్నాను. అంటే 13 అంగుళాల చక్రం. ఒక షాపులో మెరిసిపోయే అలాయ్ వీల్స్ నాలుగు తీసి ముందు పెట్టారు. వాడినవే, సెట్టు 10,000. చూస్తే ముచ్చటేసింది. "ఇవి మా కారుకి పడతాయా?" అంటే, "రంధ్రాలు కొంచెం తేడా ఉంటాయమ్మా. రెండు మూడు మిల్లీమీటర్లు సాగదీస్తే పట్టేస్తాయి. అందరికీ అలాగే చేసిస్తున్నాం" అన్నారు.

నిజం చెప్పొద్దూ, పర్సు తెరిచాను. అడ్వాన్సు ఇవ్వబోయేదాన్నే. రోజూ అలాగే చేస్తున్నామంటే నమ్మబుద్ధేస్తుంది కదా. ఆ క్షణంలో ఎందుకో ఆ పంక్చరు కుర్రాడి వేలు, దాని కింద పగులు గుర్తొచ్చాయి. "ఇంట్లో అడిగొస్తా" అని బయటపడ్డాను. ఆడవాళ్ళకి దేవుడిచ్చిన వరం ఈ మాట. ఎక్కడైనా పనికొస్తుంది.

కోసు నట్టు రహస్యం

అక్కడే వెనక వీధిలో ఒక పెద్ద వయసు మేస్త్రి ఉన్నారు. పాత కార్లు చూసే చెయ్యి. నేను చెప్పిందంతా విని, ఒక నట్టు తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

"దీని మొన చూడమ్మా, కోసుగా ఉంది కదా. చక్రంలో రంధ్రం అంచు కూడా అదే కోణంలో చిన్న గిన్నెలా ఉంటుంది. నట్టు బిగిస్తే ఆ కోసు ఈ గిన్నెలో కూర్చుని, చక్రాన్ని సరిగ్గా మధ్యకి లాగుతుంది. రంధ్రం సాగదీశావనుకో, గిన్నె పోయింది. నట్టు ఒక అంచు మీదే నిలబడుతుంది. ఇవాళ బిగువుగానే ఉంటుంది. వారం తిరిగితే వదులవుతుంది. తర్వాత స్టడ్డు తెగుతుంది."

"మరి అందరికీ చేస్తున్నామంటున్నారే?"

"చేస్తారమ్మా. చక్రం ఊడిన వాళ్ళు తిరిగొచ్చి చెప్పరు కదా" అన్నారాయన.

అక్కడే, ఒక స్టూలు మీద కూర్చుని, నేను చక్రం పాఠం నేర్చుకున్నాను. ఇదీ సంగతి.

మొదటి కొలత చక్రం వ్యాసం. అదే మనం చెప్పే 13. రెండోది వెడల్పు. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, నట్ల వలయం. నట్లన్నిటి మధ్య బిందువుల మీదుగా ఒక వృత్తం గీస్తే దాని వ్యాసం ఎంతో అది. షాపు భాషలో 'పీసీడీ' అంటారు. హెరాల్డ్‌కి నాలుగు స్టడ్లు, వలయం మూడుముప్పావు అంగుళాలు, అంటే 95.25 మిల్లీమీటర్లు. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది 100. ఫియట్ కార్లకి 98. మారుతి 800కి నాలుగున్నర అంగుళాలు, అంటే 114.3. నాకు చూపించిన అలాయ్ వీల్స్ 100వి. 95.25కీ 100కీ తేడా నాలుగు ముప్పావు మిల్లీమీటర్లు. కంటికి ఒకేలా ఉంటాయి. అందుకే మోసపోతాం.

నాలుగో కొలత, చక్రం నడిబొడ్డున ఉండే పెద్ద రంధ్రం. అది హబ్బు కంటే చిన్నదైతే చక్రం ఎక్కదు. అయిదోది, హబ్బుకి ఆనే ముఖం రిమ్ము మధ్య గీతకి ఎంత బయటికో లోపలికో ఉందన్నది. దీన్ని 'ఆఫ్‌సెట్' అంటారు. ఇప్పటి ముందు చక్రాల డ్రైవు కార్ల చక్రాలు మన పాత కార్లకి వేస్తే బాగా లోపలికి వెళ్ళి, స్టీరింగు కడ్డీలకో స్ప్రింగుకో రాసుకుంటాయి. అది తప్పించడానికి మధ్యలో దిమ్మలు పెడతామంటారు. పెడితే స్టడ్డు మీద నట్టు పట్టు తగ్గిపోతుంది. స్టడ్డు ఎంత లావుంటుందో కనీసం అంత లోతున నట్టు మరలు పట్టుకుని ఉండాలన్నది మేస్త్రుల లెక్క.

ఆరోది నట్టు మర. హెరాల్డ్ స్టడ్లు 3/8 అంగుళం ఇంగ్లీషు మరవి. చేతికందిన 10 మిల్లీమీటర్ల నట్టు రెండు చుట్లు తిరిగినట్టే ఉంటుంది గానీ పట్టు ఉండదు.

"ఇవన్నీ కాక నీ కారుకి ఇంకో కొలత ఉందమ్మా" అన్నారు మేస్త్రి. "బ్రేకులు మార్చారు కదా, ఆ కాలిపర్‌కి చక్రం లోపలి ముఖం తగలకూడదు. హెరాల్డ్ అసలు చక్రమే తెచ్చినా పడుతుందో లేదో నేను చెప్పలేను. పెట్టి చూడాల్సిందే."

చీర పెట్టె అట్ట

ఇంటికొచ్చి అత్తయ్యకి పూస గుచ్చినట్టు చెప్పాను. ఆవిడ మాట్లాడకుండా లోపలికెళ్ళి, పెళ్ళికి కొన్న పట్టుచీర అట్టపెట్టె మూత తెచ్చారు. చక్రం విప్పిన హబ్బుకి దాన్ని ఆనించి, అరచేత్తో గట్టిగా అదిమారు. నాలుగు స్టడ్లూ మధ్య గుండ్రమూ అట్ట మీద అచ్చు పడ్డాయి. కత్తెరతో రంధ్రాలు చేశారు. "నలభై ఏళ్ళు జాకెట్లు కత్తిరించాను. కొలత గుర్తుంచుకోవడం కంటే ప్యాట్రన్ దగ్గరుంచుకోవడం మేలు" అన్నారు.

ఆ అట్ట, ఒక స్టీలు స్కేలు, పిల్లాడి నోటుబుక్కు పట్టుకుని వేట మొదలుపెట్టాం.

ఇంగ్లండులో ట్రయంఫ్ కార్ల విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. మావారు ఆరా తీస్తే, చక్రం ధర కంటే పంపే ఖర్చూ, కస్టమ్స్ సుంకమూ ఎక్కువగా తేలాయి. ఆ దారి మూసేశాం. మేస్త్రిగారు మద్రాసు పుదుపేట వెళ్ళమన్నారు. ఎగ్మూరుకి దగ్గర్లో పాత కార్లు విప్పి అమ్మే వీధులవి. అత్తయ్యా నేనూ పులిహోర కట్టుకుని పినాకినీ ఎక్కాం.

పుదుపేటలో ఒక్కో షాపు ఒక్కో రకం. ఒకచోట అద్దాలే, ఒకచోట తలుపులే. రెండు గంటలు తిరిగాక ఒక మేడ మీది గదిలో, తుప్పు మధ్య అయిదు హెరాల్డ్ చక్రాలు! అత్తయ్యది నెల్లూరు పుట్టిల్లు, అరకొర అరవం వచ్చు. బేరం ఆవిడదే. నేను అట్ట పెట్టి చూశాను. రెండింటికి వలయమే కుదర్లేదు. అవి హెరాల్డ్‌వి కావు, వాటిలో కలిసిపోయిన వేరే కారువి. ఇంకోదాని నట్టు రంధ్రాలు అప్పటికే అరిగి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. మిగిలినవి రెండు. జత 3,000కి తీసుకున్నాం. షాపాయన అట్ట చూసి నవ్వి, "ఇలా కొలుచుకునొచ్చిన గిరాకీ నాకు తక్కువ" అని టీ ఇప్పించాడు. "మగవాళ్ళెవరూ రాలేదా" అని మాత్రం అడగలేదు.

మిగిలిన రెండూ ఇంటి పక్కనే దొరికాయి. బాపట్లలో ఒక డాక్టరుగారికి హెరాల్డ్ ఉండేదని అత్తయ్యకి గుర్తు. ఫోను మీద ఫోను చేసి వాళ్ళ ఆచూకీ పట్టాం. డాక్టరుగారూ లేరు, కారూ లేదు. వాళ్ళావిడ ఉన్నారు. గొడ్లసావిడి అటక మీద రెండు చక్రాలు భద్రంగా ఉన్నాయి. ఇద్దరు పెద్దవాళ్ళూ ఆ చక్రాలని మర్చిపోయి, ఎవరెవరు ఏ ఏడు పోయారో చెప్పుకుంటూ సాయంత్రం చేసేశారు. డబ్బు వద్దంటే వద్దన్నారు. చివరికి మనవడి పేరున 2,000 బలవంతంగా పెట్టి వచ్చాం.

కుంకుమ గీత, చపాతీ పిండి

దొరకడంతో పని అయిపోలేదు. పాత చక్రం నమ్మదగినదో కాదో తేల్చాలి. ముందు ఇసుక బ్లాస్టింగుతో తుప్పూ రంగూ మొత్తం తీయించాం. తర్వాత పగుళ్ళ పరీక్ష. ఎర్రటి ద్రవం పూస్తారు. కాసేపాగి శుభ్రంగా తుడిచేసి, పైన తెల్లటి పొడి చల్లుతారు. ఎక్కడైనా పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు పైకి పాకి, ముగ్గు మీద కుంకుమ గీతలా కనిపిస్తుంది. నాలుగు చక్రాల మీదా తెలుపు తెలుపుగానే ఉంది. అమ్మయ్య అనుకున్నాం. మా పాత వెల్డింగు చక్రానికి కూడా చేయించి చూశాను. అది చూస్తే భయమేసింది. కంటికి కనపడిన జానెడు పగులు అసలు పగుల్లో సగమే!

తర్వాత చక్రం వంకర లేకుండా తిరుగుతోందా అన్నది. హబ్బుకి బిగించి, పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకుని తిప్పితే, వంకర ఉన్నచోట మాత్రమే సుద్ద తగులుతుంది. ఒకదానికి కొంచెం వంకరుంటే ప్రెస్సు మీద సరిచేయించాం.

ఇక అసలు పరీక్ష మిగిలింది. మార్చిన బ్రేకుకి చక్రం తగులుతుందా? ఆటోనగర్లో నలుగురు "తగుల్తుంది, దిమ్మలు పెట్టాల్సిందే" అన్నారు. మేస్త్రిగారు, "బంకమట్టి ఉందా అమ్మా? కాలిపర్ మీద అంటించి చక్రం బిగించి ఒక చుట్టు తిప్పితే, నలిగాక ఎంత మందం మిగిలిందో అంతే సందు" అన్నారు. మట్టెందుకు? నా టిఫిను డబ్బాతో పాటు చపాతీ పిండి ముద్ద ఉంది, చెల్లెలింటికి తీసుకెళ్తున్నాను. అదే తీసి అంటించాం. చక్రం పెట్టి నట్లు బిగించి, నెమ్మదిగా తిప్పి, మళ్ళీ విప్పాం. పిండి నలిగింది గానీ తెగలేదు. స్కేలు పెడితే 5 మిల్లీమీటర్లు! రెండో వైపూ అంతే. దిమ్మలూ అక్కర్లేదు, పొడుగు స్టడ్లూ అక్కర్లేదు. మేస్త్రిగారు ఆ పిండిముద్దని చూసి, "నలభై ఏళ్ళ సర్వీసులో ఇది చూడలేదు" అన్నారు. ఆ రోజు చెల్లెలింట్లో చపాతీలు ఒకటి తక్కువ.

ఎంతయిందంటే

మనకి కావలసింది లెక్క కదా. చక్రాలు నాలుగూ 5,000. బ్లాస్టింగు, రంగు 2,800. పగుళ్ళ పరీక్ష 600. వంకర తీయించినందుకు 500. సరైన మర నట్లు పదహారు 1,600. మొత్తం 10,500. ఆ మెరిసే అలాయ్ వీల్స్ సెట్టు 10,000 అని చెప్పాను గుర్తుందా? తేడా అక్షరాలా 500 రూపాయలు! ప్రయాణం ఖర్చు ఇంకో 1,200.

టైర్లు ఏ చక్రానికైనా తప్పవు. 155/80 ఆర్ 13 కొలత రేడియల్ టైర్లు ఇప్పటి చిన్న కార్లకి వస్తున్నవే, ఊళ్ళోనే దొరికాయి. పాత ఇనుప రిమ్ములు గాలి నిలుపుతాయన్న నమ్మకం లేదు కాబట్టి లోపల ట్యూబులు వేయించాం. టైర్లూ ట్యూబులూ కలిపి 15,400. తక్కువ ఖర్చని చెప్పను. కానీ మా సంక్రాంతి భయానికి ఖరీదు కడితే ఎక్కువా కాదు.

వెడల్పు టైర్లు పోయాక ఇంకో లాభం. స్టీరింగు తేలికైపోయింది. పాతికేళ్ళుగా కారు ముసలిదై బరువెక్కిందనుకున్నాం. బరువు టైర్లదట!

కాగితాల మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. కాబట్టి అసలు కొలత చక్రాలకి తిరిగి రావడం అన్ని విధాలా క్షేమం. యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బళ్ళకి 2021లో కేంద్రం వింటేజి రిజిస్ట్రేషను పెట్టింది. అది పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, మరమ్మతుకీ, పెట్రోలుకీ తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. మేం కూరగాయలకీ కంటాస్పత్రికీ తిరిగేవాళ్ళం. అందుకే మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకుంటున్నాం.

అయిదో చక్రం

బండి సిద్ధమైన రోజున తాళాలు అత్తయ్య చేతిలో పెట్టాను. "నా లైసెన్సు ఎప్పుడో పోయిందే" అన్నారు. రోడ్డు మీద కదా తప్పు? చినమామయ్యగారి రైసు మిల్లు కళ్ళం ఖాళీగా ఉంది. అక్కడికి నేను నడుపుకెళ్ళి, సీటు మారాను. 71 ఏళ్ళ అత్తయ్య అద్దం సరిచేసుకుని, కొంగు నడుముకి దోపుకుని, మొదటి గేరు వేశారు. ధాన్యం ఆరబోసే ఆ సిమెంటు కళ్ళంలో హెరాల్డ్ తన 25 అడుగుల వలయంలో తిరిగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. హమాలీలు బీడీలు పక్కనపడేసి చూస్తున్నారు. దిగాక ఆవిడ ముందు చక్రం దగ్గర వంగి, నట్లు చేత్తో తడిమి చూశారు. "బిగువుగానే ఉన్నాయి. ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించు" అన్నారు. మెచ్చుకోలు అంతే.

అన్నీ కుదిరాయని కథ ముగించలేను. మాకు దొరికినవి నాలుగే. స్టెపినీ ఇంకా పాత వెల్డింగుదే, పగుల్లేని ఆ ఒక్కటి. దాని మీద నమ్మకం లేక గుంటూరు దాటి వెళ్ళడం లేదు. అట్ట నా బీరువాలో చీరల మధ్య ఉంది. ఏ ఊరు పెళ్ళికి వెళ్ళినా పాత షెడ్లవైపు తొంగిచూడడం అలవాటైంది.

మొన్న పొద్దున అత్తయ్య పేపరు చదువుతూ, "అమ్మాయ్, ఈ వయసులో లెర్నర్ లైసెన్సుకి డాక్టరు సర్టిఫికెట్టు కావాలటగా, నీకేమైనా తెలుసా?" అని అడిగారు. కనుక్కుంటానన్నాను. కనుక్కోకుండా ఏదీ వదిలేయకూడదని ఈ ఇంట్లో నేర్చుకున్నాను మరి!

మీ ఇంట్లోనూ పాత కారుందా? ఇవి గుర్తుంచుకోండి

• నాలుగు నట్ల చక్రానికి ఎదురెదురు రంధ్రాల్లో ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు దాకా కొలిస్తే అదే పీసీడీ. అయిదు నట్లయితే పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని 1.7తో హెచ్చించండి. టైలరు టేపు సాగుతుంది, స్టీలు స్కేలు వాడండి.

• హబ్బు అచ్చు తీసిన అట్ట, ఒక పాత నట్టు వెంట తీసుకెళ్ళండి. "పట్టేస్తుంది" అన్న మాట నమ్మకండి, పెట్టి చూడండి.

• రంధ్రాలు సాగదీసిన చక్రం, అతుకు వేసిన చక్రం ఎంత చవకైనా వద్దు.

• టైరు పక్కన గుర్తుల చివరున్న నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. షాపులో కొత్తగా మెరిసినా వయసు దాగదు.

• నట్లు ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా బిగించాలి. వరసగా గుండ్రంగా బిగిస్తే చక్రం ఒక పక్కకి ఒరుగుతుంది.

• చక్రాలు మార్చాక కొద్ది కిలోమీటర్లకే ఆపి, నట్లు మళ్ళీ చూసుకోండి. స్టీరింగు వణికితే రోడ్డుని తిట్టుకుంటూ ముందుకి పోకండి. పక్కకి తీసి ఆపండి.